ఊడ్చిన గది

ఇంటికి మెహమాన్ వస్తున్నాడంటే షౌకత్ బీ చేతులు ఊరుకోవు. వచ్చేది వియ్యంకుడా, గాజుల బేరగాడా అన్నది తర్వాతి మాట. ముందు చీపురు అందుకోవాలి. మామూలు మెహమాన్‌కే ఇంత హడావుడి చేసే మనిషి, ఫోటోలు తీసేవాడు వస్తానన్నాక కాలు నిలుపుతుందా? తెల్లారకముందే నులక మంచం బయటపడింది. దాని వెనకాలే ట్రంకుపెట్టె, నీళ్ల డ్రమ్ము, గిన్నెల బుట్ట, లక్క కరిగించే కుంపటి, గాజులు సాపు చేసే ఇనుప పలక, చమ్కీ రాళ్ల డబ్బాలు అన్నీ వాకిట్లోకి వచ్చి కూర్చున్నాయి.

సుమయ్య వచ్చేసరికి ఆమె స్టూలెక్కి గోడకున్న మేకులు పీకుతోంది. సుమయ్య షౌకత్ బీ చెల్లెలి కూతురు. పక్క గల్లీలోనే కాపురం. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి వచ్చి, పొద్దుగూకేదాకా ఖాలాతో కలిసి గాజులు చేస్తుంది.

మేకులు కూడా ఎందుకు పీకుతున్నావని అడిగింది సుమయ్య. ఫోటోలో మేకులు కనబడితే ఏం బాగుంటుందని ఖాలా తిరిగి అడిగింది. నీ నిఖాకు కూడా ఇంత తయారు కాలేదేమోనని సుమయ్య నవ్వితే, నా నిఖాకు ఫోటో తీసినవాడెవడని ఆమె కూడా నవ్వింది. మేకుతోపాటు గచ్చు పెళ్ల ఊడి వచ్చింది. దాన్ని తడి సున్నంతో పూడ్చి వేలితో నున్నగా చేసింది.

అది ఇల్లు అనడానికీ లేదు, కాదనడానికీ లేదు. లాడ్ బజార్ వెనక గల్లీలో ఒకప్పటి నవాబుల బంగళా, దేవిడి. ముందు భాగం ఎప్పుడో కూలింది. మేడ మెట్లు సగం దాకా వెళ్లి గాల్లో ఆగిపోతాయి. మిగిలింది వెనకున్న ఒక్క దాలాన్. మూడు కమానులు, నాలుగు స్తంభాలు, వాన కురవని కప్పు. దర్వాజా కాపలా కాసిన మొగుడు పోయాక కూడా షౌకత్ బీ అక్కడే ఉండిపోయింది. ఉండమని దేవిడి యజమానురాలు పెద్ద బేగం నోటితో చెప్పింది. ఆ నోరు మట్టిలో కలిసి చాలా కాలమైంది. కరెంటు పక్కింటి మీటరు నుంచి వస్తుంది. ఆధార్ కార్డు మీదున్న అడ్రసు కంచన్‌బాగ్ దగ్గరుండే చెల్లెలిది, దేవిడికి ఇంటి నంబరు ఏమిటంటే చెప్పగలిగినవాళ్లు లేక. ఇవేవీ ఆమెకు లోటనిపించలేదు. గల్లీలో ఏ పిల్లవాణ్ని అడిగినా షౌకత్ బీ ఇల్లు చూపిస్తాడు. అంతకన్నా ఏం కావాలి?

దేవిడి అమ్ముడుపోబోతోందన్న మాట మాత్రం ఆర్నెల్లుగా నలుగుతోంది. వారసుల తరఫున వ్యవహారం చూసే షఫీఉద్దీన్ ఆమెకు మాటిచ్చాడు. కొనేవాళ్లు ఎవరైనా సరే, ఆమెకు కుంపటి పెట్టుకునే వీలున్న గది ఒకటి చూపించాకే తాళం వేస్తారన్నాడు. గది దొరకడం కష్టం కాదు. కుంపటితో గది దొరకడమే కష్టం. లక్క పొగ అంటే ఇంటివాళ్లు ముక్కు మూసుకుంటారు. కుంపటి లేకపోతే షౌకత్ బీకి పని లేదు. పని లేకపోతే ఇంకేమీ లేదు. అందుకే షఫీ మాటను ఆమె తావీజులాగా మెడకు కట్టుకుని తిరుగుతోంది.

ఫోటోలవాణ్ని పంపింది కూడా షఫీయే. పేరు అంజన్. ముప్పై దాటిన మనిషి, గడ్డం సగం పెరిగింది, భుజానికి ఎప్పుడూ సంచి. మొదటిరోజు వచ్చి దాలాన్ మధ్యలో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. తన పనేమిటో ఫోన్‌లో చూపించాడు. మూతపడ్డ రైసు మిల్లులో ఒక పసుపు పచ్చ చతురస్రం. సీట్లు పీకేసిన సినిమా హాల్లో ఒక నీలం పట్టీ. గోడ మీద కొంత, స్తంభం మీద కొంత, నేల మీద కొంత రంగు వేస్తాడట. దేనికది చూస్తే చిందరవందరగా మరకలు. ఒక్క చోట నిలబడి చూస్తే మాత్రం అన్నీ కలిసి ఒకే ఆకారం అవుతాయి. అక్కడ కెమెరా పెట్టి ఫోటో తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. రంగు వానకు కొట్టుకుపోతుంది.

మరి ఎవరు చూస్తారు బేటా అని షౌకత్ బీ అడిగింది. ఎవరూ రారు ఖాలా, ఫోటో చూస్తారు అన్నాడు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది యవ్వారం అనుకుంది గానీ, పైకి అనలేదు. ఆమె పెట్టిన చాయ్ పిల్లవాడు చివరి గుక్కదాకా తాగాడు. గ్లాసు తానే కడగబోయాడు. మంచివాడనడానికి ఆమెకు ఆ మాత్రం చాలు.

అతను అడిగింది కొంచెమే. స్తంభాల ముందు జాగా నాలుగు రోజులు ఖాళీగా ఉండాలన్నాడు. కుంపటి వెనక గోడ దగ్గర ఆగి కాస్త నసిగాడు. ఆ గోడ నేల నుంచి కమాను దాకా నల్లగా ఉంది. ఏటా రంజాన్‌కు దాలాన్ అంతా సున్నం వేసినా ఆ ఒక్క గోడను ఆమె వదిలేసేది. లక్క పొగ జిడ్డు మీద సున్నం నిలవదు.

“ఈ నలుపు మీద ఎరుపు పట్టదు ఖాలా. నేనే ఏదన్న తెల్ల రంగు కొడత,” అన్నాడు.

“నువ్వు మెహమాన్‌వి బేటా. మెహమాన్‌తోని గోడలు కడిగిపిస్తమా? రేపు పొద్దుగాల వచ్చి చూడు.”

ఆ పూటంతా ఆమె, సుమయ్య సోడా నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో, తర్వాత ఇటుక ముక్కతో ఆ గోడను తోమారు. నల్లటి నీళ్లు నేల మీద కాలువ కట్టాయి. మోచేతుల దాకా మసి. ఇన్నేళ్ల పొగ అంతా ఒక్క పూటలో దిగిపోయింది. మీద రెండు పూతలు సున్నం వేశాక గోడ కొత్త పెళ్లికూతురిలా తెల్లగా తేలింది. దాన్ని చూసి షౌకత్ బీ మురిసిపోయింది. సామానంతా సుమయ్య ఇంట్లో సర్దించి, తాను కూడా ఆ నాలుగు రోజులకు అక్కడే పడుకోవడానికి వెళ్లింది. వెళ్లేముందు దాలాన్ మూల మూలలా ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది.

మర్నాడు అంజన్ కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద బిగించి, దాని కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీశాడు. ఇక అది కదలకూడదట. కెమెరాలో చూస్తాడు, లేస్తాడు, గోడ దాకా నడిచి సుద్దతో చుక్క పెడతాడు, తిరిగొచ్చి చూస్తాడు, తల గోక్కుంటాడు, మళ్లీ వెళ్లి తుడిచేస్తాడు. ఒక్కో చుక్కకు అంత ప్రయాణం. వాకిట్లో కూర్చుని రాళ్లు ఏరుతున్న షౌకత్ బీకి అతని కాళ్లు చూసి జాలేసింది. లేచి వెళ్లి సుద్ద లాక్కుంది.

“నువ్వు కూసొని చూడు. నేను పెడత. చెప్పు, యాడ?”

అట్లా మొదలైంది. అతను కంటికి కెమెరా ఆనించి పైకి, కిందికి, వెంట్రుకవాసి ఇటు అంటుంటే ఆమె గోడ వెంబడి, స్తంభం చుట్టూ, నేల మీద వంగి చుక్కలు పెట్టుకుంటూ పోయింది. గాజు మీద రాయి అతికించే చెయ్యి అది. లక్క వేడిగా ఉన్నప్పుడే, ఒక్క క్షణంలో, సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టాలి. మళ్లీ తీసి పెట్టడం ఉండదు. అంజన్ చెప్పిన చోట ఆమె వేలు ఒక్కసారే ఆనేది. మధ్యలో ఒకసారి, ఖాలా అట్లనే ఉండు, ఒకటి తీస్త అన్నాడు. ఆమె చప్పున ముసుగు లాక్కుని స్తంభం వెనక్కి జరిగింది. నన్ను తియ్యకు బేటా అంది. అతను చెయ్యి దించేశాడు. అతనికి పెద్దవాళ్ల మాట మీద గౌరవం ఉంది.

రెండు రోజులు రంగు వేశాడు. లక్క ఎరుపుకు దగ్గరి ఎరుపు. స్తంభం మీద ఒక వంకర ముక్క, నేల మీద సాగదీసిన నాలుక లాంటిది ఒకటి, తెల్లటి గోడ మీద పెద్ద కొడవలి. ఇదేం అందమని సుమయ్య మూతి తిప్పింది. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కమానుల్లోంచి ఏటవాలుగా పడే వేళ అంజన్ షౌకత్ బీని పిలిచి, కెమెరా ముందు కూర్చోబెట్టి, కన్ను పెట్టి చూడమన్నాడు.

ముక్కలన్నీ కలిసి ఒక గాజయ్యాయి. గాల్లో నిలబడ్డ పెద్ద ఎర్ర గాజు. ఎక్కడా అతుకు లేదు. ఆమె తల పక్కకు జరిపితే విరిగింది. మళ్లీ పెడితే కలిసింది. చిన్నపిల్లలా నాలుగైదుసార్లు అట్లాగే చేసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఆమెకే తెలియదు. “జోడు లేకుంట చేసినవ్ బేటా,” అంది. “గాజు ఒక్కటి చేస్తే ఎవరేసుకుంటరు?”

తర్వాత సుమయ్యను తీసుకుని బయటికి నడిచింది. వాకిలి దాటాక లోపల కెమెరా టక్, టక్ మన్న చప్పుళ్లు వినిపించాయి.

ఆదివారం పొద్దున మంచం తిరిగి లోపలికి మోస్తుండగా వైకుంఠం వచ్చాడు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం అతనిది. షౌకత్ బీ చేసే గాజులన్నీ తాతల నాటి ఆ దుకాణానికే పోతాయి. ఎప్పుడూ మనిషిని పంపేవాడు ఆరోజు స్వయంగా, చేతిలో పేపరు పట్టుకుని, రొప్పుకుంటూ వచ్చాడు.

“నీ ఇల్లు పేపర్ల వడ్డది షౌకత్ బీ. సగం పేజీ ఇచ్చిండ్రు.”

సగం పేజీ నిండా దాలాన్. మూడు కమానులు, తెల్లగా మెరిసే గోడ, గాల్లో ఎర్ర గాజు. షౌకత్ బీ కొంగుతో చెయ్యి తుడుచుకుని పేపరు తాకింది. తాను తుడిచిన నేల అద్దంలా మెరుస్తోంది. ఒక్క మేకు లేదు, ఒక్క మరక లేదు. నేను చెప్పలేదా అన్నట్టు సుమయ్య వైపు చూసింది. వైకుంఠం కింది అక్షరాలు గొంతు పెంచి చదివాడు. మనుషులు వదిలేసిన దేవిడి. ఏళ్లుగా అడుగుల సవ్వడి ఎరగని దాలాన్. ఆ నిశ్శబ్దంలో ఒక కళాకారుడు గీసిన ఎర్రటి వలయం.

“అడుగుల సవ్వడి లేదా? మరి ఈ పిల్ల చెప్పుల లొల్లి ఏంది?” అని షౌకత్ బీ నవ్వింది. ముగ్గురూ నవ్వారు. వైకుంఠానికి చాయ్ పెట్టడానికి స్టవ్ ఇంకా రాలేదని ఆమె నొచ్చుకుంది.

ఆ చాయ్ బాకీ తీరకముందే షఫీఉద్దీన్ వచ్చాడు. ముసలితనం రాకుండానే ముసలివాడైన మనిషి. మాట్లాడేముందు గొంతు మూడుసార్లు సవరించుకుంటాడు. అతని పెళ్లి వలీమా విందు ఈ దాలాన్‌లోనే జరిగింది. దేగ్చీలు తోమినవాళ్లలో షౌకత్ బీ ఒకతె. ఎప్పట్లాగే ఉర్దూలోనే చెప్పాడు. చెప్పేంతసేపూ ఆమె ముఖం చూడలేదు, మంచం కోళ్లు చూశాడు. దేవిడి బేరం కుదిరిందట. కొన్నవాళ్లు పేపరు చూశారట. వారసుల్ని అడిగారట, లోపల ఎవరో ముసలామె ఉంది, గది చూపించాలన్నారు కదా, ఎక్కడుంది ఆమె అని. వారసులు కూడా పేపరు చూశారు. వాళ్లలో ఈ గల్లీ తొక్కినవాడు ఒక్కడూ లేడు. ఎవరూ లేరు కదా మరి, గది ఎవరికి అన్నారట. బేస్తవారం నాటికి తాళం వేసి అప్పజెప్పాలి.

“నేనున్న గదా,” అంది షౌకత్ బీ. ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద వివరణ ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

నువ్వున్నావని నాకు తెలుసు అన్నాడు షఫీ. తెలిస్తే చెప్పమంది. చెప్పాడట. నువ్వు చెప్పేది నమ్మాలా, కళ్లెదుట ఉన్నది నమ్మాలా అని చిన్న వారసుడు కసిరాడట. ఎలుకకు పిల్లి సాక్ష్యమా అని కూడా అన్నాడట, షఫీ ఆమె దగ్గర ఏమైనా డబ్బు తింటున్నాడేమోనని.

షౌకత్ బీకి అప్పుడు గోడ గుర్తొచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు, నోరు కూడా ఉంటే బాగుండేది. ఆమె లక్క గీకే కత్తి పట్టుకుని కుంపటి వెనక గోడ దగ్గరికి పోయింది. చూడు, పొగ చూడు, ఇన్నేళ్ల పొగ అంటూ గీకడం మొదలుపెట్టింది. ఎరుపు రాలింది. ఎరుపు కింద తెలుపు రాలింది. తెలుపు కింద రాయి వచ్చింది. ఇంకోచోట గీకింది. అక్కడా రాయే. బూడిద రంగు నీడ తప్ప మసి లేదు. ఎంత బాగా తోమారంటే అంత బాగా తోమారు. ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేని తన చేతుల్ని ఆమె మొదటిసారి తిట్టుకుంది. సుమయ్య వచ్చి కత్తి తీసుకుంది.

అంజన్ మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు. ముందురాత్రే సుమయ్య ఫోన్ చేసి అనరాని మాటలన్నీ అంది. వచ్చి మంచం అంచున కూర్చుని నేల చూశాడు. నేల మీద అతను వేసిన ఎర్ర నాలుక మీదే మంచం కోడు ఉంది. ఆ అక్షరాలు నేనే రాసిన ఖాలా, మా పనిలో అట్లనే రాస్తం, గది ఖాళీగుంటె వదిలేసిందనే అంటం అన్నాడు. అంటున్నకొద్దీ ఆ మాట ఎంత తేలికైనదో అతనికే తెలిసిపోయింది.

సంచిలోంచి చిన్న కంప్యూటరు తీసి నాలుగు రోజుల ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూపించాడు. ఏ ఒక్కదాన్లోనైనా ఆమె కొంగు, చెయ్యి, కనీసం నీడ దొరుకుతుందేమోనని ముగ్గురూ తలలు ఆనించి వెతికారు. గోడ, స్తంభం, ఎండ. మళ్లీ గోడ. ఒకదాంట్లో మాత్రం నేల మీద చాయ్ గ్లాసు ఉంది. సుమయ్య ఆశగా వేలు పెట్టింది. ఆ గ్లాసులో చాయ్ తాగింది నేనే కదా అన్నాడు అంజన్. అది అతని గ్లాసే అవుతుంది, ఆమెది కాదు.

“చుక్కలు పెట్టినప్పుడు రోజంత నిన్ను దాంట్లకెల్లి చూసిన ఖాలా,” అన్నాడు. “ఒక్కసారి గూడ నొక్కలే.”

“నేనే వద్దంటి గద బేటా.”

అతనికి ఏడుపొచ్చేట్టుంది. షౌకత్ బీకి అదొక కొత్త ఇబ్బంది అయింది. ఇల్లు పోతున్నది తనదైతే, ఓదార్చాల్సిందీ తానే. చాయ్ పెట్టింది. ఈసారి అతను సగమే తాగి గ్లాసు కింద పెట్టాడు.

ఉపాయం అతనికే తట్టింది. ఆమె ఇక్కడే ఉంటుందని, ఇక్కడే పని చేస్తుందని తెలిసేలా ఇప్పుడు ఫోటో తీస్తాడు. అదే చోటి నుంచి, అదే కెమెరాతో. తాను రాసింది తప్పని కాగితం రాసి సంతకం పెడతాడు. రెండూ కలిపి వకీలుకు ఇస్తాడు. సుమయ్య ముఖం విప్పారింది. ఉరికిపోయి మిగతా సామాను మోసుకొచ్చింది. బట్టల తీగ కట్టారు. పీకిన మేకులు వెతికి, పూడ్చిన కంతల్లోనే మళ్లీ కొట్టారు. డ్రమ్ము ఎక్కడుండేదో అక్కడే పెట్టారు. షౌకత్ బీ కుంపటి రాజేసింది.

కెమెరా ముందు కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. ముసుగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. పని చేస్తున్నట్టే ఉండమన్నాడు అంజన్. ఆమె రింగు మీద లక్క పూసి, కుంపటి మీద తిప్పి, రాయి అందుకుంది. అటు చూడకూడదనుకుంటూనే కెమెరా వైపు చూసింది. చప్పుడు ఎప్పుడవుతుందోనని ఊపిరి బిగబట్టింది. చప్పుడయ్యేసరికి లక్క చల్లారిపోయింది. రాయి అంటుకోలేదు. జారి బొగ్గుల్లో పడింది. ఇన్నేళ్లలో చేతిలో లక్క చల్లారనివ్వడం అదే మొదలు. ఆమె ఇంకో రాయి తీసుకోకుండా ఆ వట్టి గాజును పక్కన పెట్టింది.

ఫోటో మాత్రం చక్కగా వచ్చింది. అతుకు లేని ఎర్ర గాజు లోపల ఒక ముసలామె, కుంపటి, వెనక తీగ మీద ఆరేసిన పాత దుపట్టా. ఇదే ముందు తీసి ఉంటే ఇంకా గొప్ప ఫోటో అయ్యేదని అంజన్ తనలో తాను గొణుక్కున్నాడు. సుమయ్య అతని వైపు కొరకొరా చూసింది.

మర్నాడు ముగ్గురూ పత్తర్‌గట్టిలో మేడ మీదున్న వకీలు గదికి పోయారు. దారిలో వైకుంఠాన్ని కూడా రమ్మన్నారు. వైకుంఠం గల్లా పెట్టె వెనక నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. అతని దుకాణం మడిగె కూడా ఆ వారసులదే. వచ్చే ఏడు కిరాయి మాట ఉంది. మింగలేడు, కక్కలేడు. నా పానం నీ వెంటనే ఉంటది షౌకత్ బీ అన్నాడు. ప్రాణం కాదు, మనిషి కావాలని సుమయ్య అనేసింది. షౌకత్ బీ ఆమె మోచెయ్యి పట్టి లాక్కుపోయింది.

వకీలు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ మెట్లు దిగిపోవచ్చు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అంజన్ ఇచ్చిన కాగితం చదివి, ఫోటో చూశాడు. తర్వాత పేపరు ముక్క తీసి దాని పక్కన పెట్టాడు. అదే గోడ. అదే ఎర్ర గాజు. ఒకదాంట్లో ఎవరూ లేరు. ఒకదాంట్లో ఆమె ఉంది.

“ఇది ఎప్పుడు తీసిండ్రు సార్?” అని మొదటిదాని మీద వేలు పెట్టాడు. అంజన్ చెప్పాడు. “మరి ఇది?” అంజన్ చెప్పాడు. ఆయన రెండు తేదీలూ రెండు ఫోటోల కింద పెన్సిలుతో రాశాడు. ఆ తేదీలు చూడగానే అంజన్‌కు అర్థమైపోయింది. చేతులతో ముఖం కప్పుకున్నాడు. షౌకత్ బీకి, సుమయ్యకు ఇంకా అర్థం కాలేదు.

“అమ్మా, మొదటి ఫోటో నాటికి గది ఖాళీ. రెండో ఫోటో నాటికి మీరున్నరు. అంటే ఈ నాలుగు రోజుల్ల మీరు లోపలికి జొర్రిండ్రని. నేననుడు కాదు. ఎవరు చూసినా గట్లనే అంటరు.”

ఆమె ముందు నుంచీ ఉందని అంజన్ గట్టిగానే చెప్పాడు. తాను నాలుగు రోజులు ఆమె చేతి చాయ్ తాగానన్నాడు. వకీలు తల ఊపాడు. మనుషులు లేరని పేపర్లో రాసింది మీరే కదా అన్నాడు. అది తప్పని ఒప్పుకుంటున్నా కదా అన్నాడు అంజన్. అప్పుడు తప్పు రాశానని మీరే సంతకం పెడితే, ఇప్పుడు రాసింది ఒప్పని ఎట్లా నమ్మాలి సార్ అని ఆయన మెల్లగానే అడిగాడు. గల్లీ మొత్తం వచ్చి చెబుతుందని సుమయ్య లేచింది. గల్లీ చెబితే ఒప్పుకుంటే రేపు గల్లీ అంతా గదులు అడుగుతుందంటారు అన్నాడు. ఒక మాట చెప్పమంటారా, ఈ రెండో ఫోటో ఎవరికీ చూపకండి, దీంతో మీకే కష్టం అని కూడా అన్నాడు. అది ఆయన చేసిన ఉపకారం.

షౌకత్ బీ రెండు ఫోటోలనూ వంగి చూసింది. మెరిసే నేల. ఆ నేల ఊడ్చింది తాను, తడిగుడ్డ పెట్టింది తాను. మేకులు పీకింది తాను. చుక్కలు పెట్టింది తాను. తన ఇంట్లోంచి తనను ఇంత శుభ్రంగా తుడిచేసిన మనిషి మీద ఎవరికని ఫిర్యాదు చెయ్యాలి? ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది. కింద రోడ్డు మీద ఆటోలు, బండ్లు, ముత్యాల బేరాలు ఎప్పట్లాగే అరుచుకుంటున్నాయి. అంజన్ వెనక నుంచి ఏదో చెప్పబోయాడు. ఏమీ తినలేదు నువ్వు, ఇంటికి పో బేటా అంది.

బేస్తవారం పొద్దున వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. అంజన్ కూడా వచ్చాడు. కెమెరా తేలేదు. ట్రంకుపెట్టె ఒక చివర అతను, ఒక చివర సుమయ్య పట్టుకున్నారు. సామాను సుమయ్య ఇంటికే. ఒక్క గది, ఇద్దరు పిల్లలు, ఒక మొగుడు, ఇప్పుడు ఒక మంచం. ఇంటి ఓనరు ముందే చెప్పేశాడు, ఆమె ఉండొచ్చు గానీ కుంపటి రావద్దని. రాళ్ల డబ్బాలు వైకుంఠం మనిషి వచ్చి తీసుకుపోయాడు. కుంపటికి జాగా దొరికిన రోజు మళ్లీ పంపిస్తానని సేఠ్ చెప్పమన్నాడట. ఆమె డబ్బాల మూతలు గట్టిగా బిగించి ఇచ్చింది.

గేటు దగ్గర షఫీఉద్దీన్ తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కొన్నవాళ్ల మనిషి, ఎవరో తెలుగాయన, మాటిమాటికీ ఫోన్‌లో టైము చూసుకుంటున్నాడు.

సామానంతా పోయాక దాలాన్‌లో మిగిలింది చెత్త. రాలిన ఎర్ర సున్నం, లక్క చుక్కలు, గాజు ముక్కలు, చాయ్ పొడి మరకలు, డ్రమ్ము కింద గుండ్రంగా తడి. సుమయ్య అలవాటు కొద్దీ చీపురు అందుకుని మూల నుంచి మొదలుపెట్టింది. షౌకత్ బీ వచ్చి ఆమె చేతిలోంచి చీపురు తీసుకుంది.

“ఉండనీ.”

ఖాలా ముఖం చూసి సుమయ్య పక్కకు జరిగింది. ఊడ్వకుండా గడప దాటిన రోజు షౌకత్ బీ బతుకులో లేదు. మొగుడి జనాజా లేచిన రోజు కూడా, ఆడవాళ్లు పట్టుకుంటున్నా వినకుండా, ఊడ్చింది. ఆమె చీపురును స్తంభానికి ఆనించి నిలబెట్టింది. కుంపటిని రెండు చేతులా ఎత్తి, నేల మీద సుద్ద గీత ఇంకా మిగిలి ఉన్న చోటికి, కెమెరా నిలబడ్డ చోటికి మోసుకుపోయింది. అక్కడ దాన్ని బోర్లించింది. బూడిద, చల్లారిన బొగ్గులు, అప్పుడు జారిపడిన చమ్కీ రాయి కుప్పగా పడ్డాయి. బూడిద లేచి ముఖాన కొట్టింది. తుడుచుకోలేదు. అంజన్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ఆ కుప్పను చూస్తూ నిలబడ్డాడు.

ఖాళీ కుంపటి పట్టుకుని ఆమె గేటు దాకా నడిచింది. తాళం వేయడానికి లోపలికి తొంగిచూసిన షఫీ ఆశ్చర్యపోయాడు. ఆమె ఇంటిని అతను ఎప్పుడూ అట్లా చూడలేదు. ఊడ్వలేదా అని ఉర్దూలో అడిగాడు.

షఫీతో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే షౌకత్ బీ ఈసారి తెలుగులో చెప్పింది, పక్కనున్న మనిషికి కూడా వినబడాలని.

“ఈడ ఎవలు లేకుండె గద భాయ్. ఇగ ఊడ్చేదెవలు?”

షఫీ గొంతు సవరించుకున్నాడు. తాళం వేశాడు.